జగ్గయ్యపేట నాలుగో నమూనా

నా పరిశోధనంతా ఒక మనిషి కంటిని తుడిచిన దూదిపుల్లతో మొదలైంది. ఆ కన్ను పోయింది. అందులోంచి తీసిన వైరస్ మాత్రం నేను రిటైరయ్యేదాకా నా దగ్గర క్షేమంగా ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. నా పేపర్లలో 'కృష్ణా జిల్లాకు చెందిన ఒక స్త్రీ కంటి నుంచి సేకరించిన నమూనా' అని ఒక్క ముక్క ఉంటుంది. అంతే.

మాది జగ్గయ్యపేట. బస్టాండుకి దగ్గర్లో మా నాన్నకి మందుల షాపు ఉండేది. ఆ రోజుల్లో జనానికి మందుల షాపంటే సగం ఆస్పత్రి. జ్వరమొచ్చినా, గజ్జి లేచినా, కన్ను ఎర్రబడ్డా ముందు మా నాన్న దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన నాలుక చూసి, కనురెప్ప లాగి చూసి, అల్మారాలోంచి ఏదో ఒకటి తీసిచ్చేవాడు. చాలాసార్లు తగ్గేది. తగ్గినవాళ్లు వచ్చి చెప్పేవాళ్లు. తగ్గనివాళ్లు బెజవాడ పోయేవాళ్లు, వాళ్లు తిరిగొచ్చి చెప్పేవాళ్లు కాదు. అందుకని తానిచ్చే మందులన్నీ పనిచేస్తాయని మా నాన్న నమ్మకం. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ నమ్మకంలోనే నేనూ పెరిగాను.

మా వీధి చివర, చర్చి ప్రహరీ పక్కన కుట్టుమిషనక్క ఉండేది. ఆమెకి అసలు పేరు ఉన్నా వీధంతా అలాగే పిలిచేది. భర్త ముక్త్యాల వైపు సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. పొద్దున లారీ ఎక్కితే సాయంత్రం తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి దిగేవాడు. ఆమె నందిగామలో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు కుట్టు నేర్చుకుందట. వరండాలో మిషను, పక్కన బుట్టలో పేలికలు, మెడలో టేపు. ఆ టేపు వాడగా నేను ఎప్పుడూ చూళ్లేదు. మనిషిని ఓసారి ఎగాదిగా చూసి, "భుజం అరంగుళం దింపాలి, చంక దగ్గర కాస్త వదలాలి" అని తనలో తానే అనుకునేది. కుట్టి ఇచ్చాక చూస్తే ఒంటికి అతికినట్టు ఉండేది. హైదరాబాదులో ఎమ్మెస్సీకి వెళ్లేటప్పుడు నా జాకెట్లన్నీ ఆమే కుట్టింది. "అక్కడ టైలర్లకి ఇవ్వమాక పాపా, సెలవులకి వచ్చినప్పుడు నా దగ్గరికే తీసుకురా" అంది. అలాగే తెచ్చేదాన్ని.

డెబ్భైల చివర్లో పీహెచ్‌డీలో చేరాను. మా ప్రొఫెసరు గారు పనిచేస్తున్నది హెర్పిస్ వైరస్ మీద. జ్వరం తగ్గాక పెదవి మీద పొక్కులు వస్తాయే, అవి తెప్పించేది అదే. చిన్నప్పుడెప్పుడో ఒంట్లో చేరుతుంది. పొక్కు మానినా అది పోదు. నరం వెంట పైకి పాకి, పుర్రె అడుగున ఉండే ఒక నరాల ముడిలో చడీచప్పుడూ లేకుండా కూచుంటుంది. ఎండ దెబ్బో జ్వరమో తగిలితే మళ్లీ నరం వెంటే కిందికి దిగుతుంది. పెదవికి దిగితే పొక్కు. కంటికి దిగితే నల్లగుడ్డు మీద పుండు.

మా దగ్గరున్న వైరస్‌లన్నీ విదేశాల నుంచి తెప్పించినవి. "మన జనం కళ్లలో ఉన్నది ఎలాంటిదో మనకే తెలియదు. సెలవులకి ఊళ్లకి వెళ్లేవాళ్లు వట్టి చేతుల్తో రావద్దు" అన్నారు ప్రొఫెసరు గారు వేసవి సెలవుల ముందు. నేను జగ్గయ్యపేట బస్సెక్కినప్పుడు నా సంచిలో వైరస్ చావకుండా ఉంచే మందునీళ్లు పోసిన బుల్లి సీసాలు ఓ డజను, దూదిపుల్లల ప్యాకెట్టు ఉన్నాయి.

ఇంటికొచ్చిన మూడో రోజు జాకెట్ గుడ్డలు తీసుకుని కుట్టుమిషనక్క దగ్గరికి వెళ్లాను. ఆమె కుడికన్ను సగం మూసుకుని కుడుతోంది. కన్ను ఎర్రగా ఉంది.

"కలకా అక్కా?"

"కలకైతే రెండు కళ్లకీ రాదూ? ఇది ఒక్కదానికే. పోయిన నెల వచ్చింది, తగ్గింది. మళ్లీ వచ్చింది. వెలుతురు చూడలేకపోతున్నా పాపా. కంట్లో ఇసక పోసినట్టుంది."

నా గుండె ఎగిరింది. జాలితో కాదు. ఒక్క కంటికే రావడం, పోయి మళ్లీ రావడం, వెలుతురు పడకపోవడం, ఇవన్నీ నేను పుస్తకంలో చదివిన లక్షణాలు. "ఎల్లుండి నందిగామలో కంటి క్యాంపు పెడుతున్నారు. రా అక్కా, నేను తీసుకెళ్తా" అన్నాను. ఆమె ముఖం విప్పారింది. పని మానుకుని తనకోసం వస్తున్నానని అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ రోజు పొద్దున్నే లేచి, ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి, ఫ్లాస్కులో ఐసుముక్కలు నింపి సంచిలో పెట్టుకున్న తర్వాతే ఆమెని పిలవడానికి వెళ్లాను.

క్యాంపు ఒక స్కూల్లో. బల్లలన్నీ గోడలకి జరిపి చాపలు వేశారు. చందర్లపాడు నుంచీ, చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చిన ముసలివాళ్లు శుక్లాల ఆపరేషన్ కోసం వరసలో కూచున్నారు. బెజవాడ నుంచి వచ్చిన కంటి డాక్టరు మధ్యాహ్నానికి అలిసిపోయి ఉన్నాడు. అక్క కంట్లోకి టార్చి వేసి, రెప్ప ఎత్తి చూశాడు. నేను ఫలానా అని, నా అనుమానం ఇదీ అని చెప్పాక నాతో మాట్లాడాడు.

"పుండు ఉందమ్మా. రంగు చుక్కలు వేసి చూస్తే తెలిసేది, అవి పొద్దున్నే అయిపోయాయి. నాకైతే మీరంటున్న వైరస్సేననిపిస్తోంది. దీనికి వేరే మందుంది, ఇక్కడ లేదు. బెజవాడ రమ్మనండి."

"శాంపిల్ తీసుకోవచ్చాండీ?"

"తీసుకోండి. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి ఆమెకి. ఎరుపు తగ్గుతుందని స్టెరాయిడ్ చుక్కలు వేస్తుంటారు ఊళ్లల్లో. ఇది వైరస్ అయితే ఆ చుక్కలు కన్ను తీసేస్తాయి. పైకి బాగున్నట్టే ఉంటుంది, లోపల పుండు తినేస్తుంది. మీ మనిషేగా, మీరు వివరంగా చెప్పండి. నాకు ఇంకా నలభై మంది ఉన్నారు."

"చెప్తానండీ" అన్నాను.

వరండాలో కిటికీ వెలుతురులో అక్కని కూచోబెట్టి దూదిపుల్లతో కన్ను తుడిచాను. కదల్లేదు. నీళ్లు ధారగా కారుతున్నా రెప్ప వాల్చలేదు. పుల్లని సీసాలో ముంచి, విరిచి, మూత బిగించి, జె-4 అని రాశాను. 'జె' అంటే జగ్గయ్యపేట. అంతకుముందు పేటలోనే ముగ్గురి దగ్గర తీసుకున్నాను, ఈమెది నాలుగోది. సీసా ఫ్లాస్కులోకి వెళ్లాక నాకు నెమ్మది వచ్చింది. ఇప్పుడు చెబుదామని ఆమె వైపు తిరిగాను.

ఆమె అప్పటికే చేతిసంచిలోంచి ఒక చిన్న సీసా తీసి పట్టుకుంది. కంటి చుక్కల మందు. సీసా చుట్టిన కాగితం సంచి మీద మా షాపు ముద్ర ఉంది.

"పోయినసారి మీ నాన్నగారు ఇచ్చారు పాపా. రెండు రోజుల్లో ఎరుపు పోయింది. ఈసారి కూడా ఇదే ఇచ్చారు. వేసుకుంటూ ఉండనా?"

పేరు చదివాను. డాక్టరు చెప్పింది అదే.

ఆమె అడిగింది. అడగకపోయుంటే మర్చిపోయానని చెప్పుకునే వీలైనా ఉండేది. సూటిగా అడిగింది, నా చేతిలో సీసా పెట్టి అడిగింది. మా నాన్న ఇచ్చిన మందు కన్ను తీసేస్తుందని చెప్పాలంటే నోరు రాలేదు. ఆమె ఆ మాట ఇంకెవరితోనో అంటుంది, వాళ్లు ఇంకొకరితో అంటారు, సాయంత్రానికి బస్టాండు దాకా వస్తుంది. పైగా ఇంకా తేలలేదు కదా, వైరస్ కాకపోతే? సైన్సు చదివినవాళ్లకి నోరు మూసుకోవడానికి ఇంత మంచి సాకు ఇంకొకటి దొరకదు. 

"ఫలితం రానీ అక్కా. పది రోజుల్లో ఉత్తరం రాస్తా. అప్పుడు చూద్దాం" అన్నాను.

"అప్పటిదాకా వేసుకోనా?"

"బెజవాడ వెళ్లమన్నాడు డాక్టరు. వెళ్లిరా" అన్నాను. ఆమె అడిగిన దానికి అది జవాబు కాదు. ఆమె దాన్ని సరేననే జవాబుగా తీసుకుని సీసా సంచిలో పెట్టుకుంది.

మర్నాడే హైదరాబాదు వెళ్లిపోయాను. నమూనాలు పాడవుతాయని ఇంట్లో చెప్పాను. నాలుగింట్లో మూడు పెరగలేదు. జె-4 రెండో రోజుకే పెరిగింది. గాజుసీసా అడుగున పలుచటి పొరలా పరుచుకున్న కణాలు గుండ్రంగా ఉబ్బి, ఒక్కొక్కటే ఊడి తేలుతున్నాయి. మైక్రోస్కోపు దగ్గర్నుంచి లేచి ల్యాబులో అందర్నీ పిలిచాను. ప్రొఫెసరు గారు వచ్చి చాలాసేపు చూశారు.

"మొదటిసారే ఇంత జోరుగా పెరిగిందంటే కంట్లో చాలా వైరస్ ఉండుండాలి. స్టెరాయిడ్ ఏమన్నా వాడుతోందా ఆవిడ?"

"తెలియదండీ" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆయనకి మా నాన్న ఎవరో తెలియదు, తెలిసినా ఆయనకి పోయేదేం లేదు. ఒకసారి దాచిన మాట ఇంకోచోట బయటపెట్టడానికి దారి దొరకలేదు, అంతే అనుకుంటాను. ఆయన తలాడించి, "అడిగి రాయి, నోట్సులో ఉండాలి" అని వెళ్లిపోయారు. వైరస్ ఏదో ఖాయంగా తేల్చే పరీక్షలు మరో మూడు వారాలు పట్టాయి. హెర్పిస్, మొదటి రకం.

ఇంటికి ఉత్తరం రాశాను. అక్కకి కాదు, మా నాన్నకి. ఇన్లాండు చాలక రెండు కాగితాలు కవర్లో పెట్టాను. మన ఊరి వైరస్‌ని మొదటిసారి పెంచింది నేనేనని, దానికి మన ఊరి పేరుతోనే నంబరిచ్చానని, ప్రొఫెసరు గారు భుజం తట్టారని. మధ్యలో 'కుట్టుమిషనక్క కంట్లోదే పెరిగింది, ఆమెకి చెప్పు' అని ఒక వాక్యం. దాని తర్వాత రాయాల్సిన వాక్యం కోసం పెన్ను ఆపాను. అది నాకు బాగా గుర్తుంది. ఆపి, 'త్వరలో వివరంగా రాస్తా' అని రాశాను. ఆ వివరమైన ఉత్తరం రాయలేదు. పని ఎక్కువైంది. నిజంగానే ఎక్కువైంది, నా జీవితంలో అంత సంతోషంగా పనిచేసిన నెలలు మళ్లీ లేవు.

దసరాకి ఊరెళ్లాను. వరండాలో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అక్క లోపల్నుంచి వచ్చింది. కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పరుచుకుని ఉంది. ఎండలో చూస్తే అన్నం మెతుకు అంటినట్టు ఉంది.

"ఎప్పుడక్కా?"

"శ్రావణంలో. చుక్కలతో ఎరుపు తగ్గుతోందిగా అని బెజవాడ పోలేదు. ఓరోజు పొద్దున్నే లేస్తే కంట్లోంచి వేడిగా నీళ్లు కారాయి. పుండు పగిలిందట. బెజవాడ పోతే ఆలస్యంగా వచ్చావన్నారు." నవ్వడానికి చూసింది. "నీకు ఫలితం వచ్చిందటగా పాపా. మీ నాన్నగారు షాపులో నీ ఉత్తరం చదివి వినిపించారు. ఆ రోజు నేను చుక్కలకే వెళ్లా. అందరూ ఉన్నారు. ఇదిగో ఈమె కంట్లోదే మా అమ్మాయి పెంచింది అని చూపించారు. నాకైతే సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది."

నేను వెళ్లొస్తానని కూడా చెప్పకుండా ఇంటికొచ్చేశాను. తల నొప్పిగా ఉందన్నాను. మిగిలిన సెలవుల్లో ఆ వీధి చివరికి వెళ్లలేదు. బస్టాండుకి పోవాలన్నా చుట్టూ తిరిగి వెళ్లాను.

జాకెట్లు కుట్టడం ఆమె మానేసిందని తర్వాత విన్నాను. ఒక కన్నుతో కొలత దొరకడం లేదట. దిండు గలీబులు, లంగాలు, స్కూలు సంచులు కుట్టేది. కుట్టు తిన్నగా పోతే చాలు, ఒంటికి అతకక్కర్లేనివి.

జె-4 వల్ల నాకు పీహెచ్‌డీ వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఎనభైలు సగం గడిచేసరికి మా రంగంలో గాలి మారింది. పుట్టుకతో ఒక జన్యువు లోపించిన కణానికి ఆ జన్యువుని బయటినుంచి అందించొచ్చా అని అందరూ అడగడం మొదలుపెట్టారు. అందించడానికి మోసుకెళ్లేది ఒకటి కావాలి. నరాల్లోకి వెళ్లే దారి హెర్పిస్‌కి తెలుసు, అక్కడ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండడమూ తెలుసు. దానిలో జబ్బు చేసే జన్యువులు తీసేసి, ఆ ఖాళీలో మనకి కావలసింది పెడితే? మా చిన్న ల్యాబులో కూడా ఆ పని మొదలుపెట్టాం. మిగతా అన్ని వైరస్‌లకన్నా జె-4 చురుగ్గా ఉండేది, దాన్నే ఎంచుకున్నాను. సభల్లో మాట్లాడేటప్పుడు "ఇది మా ఊరిది" అని చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్లు. ఒకసారి ఒక పెద్దాయన, "ఆ పేషెంటుకి ఎలా ఉందండీ ఇప్పుడు?" అని అడిగాడు. "బాగున్నారండీ" అన్నాను.

ఆ వేసవిలో ఊరెళ్లాను. ఈసారి చెప్పాలనే వెళ్లాను. అయినా వెళ్లిన నాలుగు రోజులూ ఏదో ఒక వంక పెట్టుకున్నాను. ఐదో రోజు మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని వేళ, ఆ వరండాలోకి వెళ్లాను. అక్క సంచులకి పట్టీలు కుడుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి పీట జరిపింది.

"డాక్టరమ్మ వచ్చిందే! ఇన్నేళ్లకి తీరిక దొరికిందా?"

కూచుని మొత్తం చెప్పాను. క్యాంపులో డాక్టరు ఏమన్నాడో, సీసా మీద ఏం చదివానో, ఎందుకు చెప్పలేదో, ప్రొఫెసరుతో ఏం అబద్ధమాడానో, ఉత్తరంలో ఏ వాక్యం దగ్గర పెన్ను ఆపానో. ఆమె మిషను తొక్కడం ఆపింది. పట్టీ చేతిలోనే ఉంది. నేను ఏడుస్తున్నాను, ఆమె ఏడవలేదు.

"నీకు అక్కడే తెలుసన్నమాట" అంది చివరికి. "నేను సీసా ఇచ్చినప్పుడే."

"తెలుసక్కా."

"నువ్వు వద్దన్నా మానేసేదాన్నో లేదో. మీ నాన్నగారు ఇచ్చింది కాదని నీ మాట వినేదాన్నా? ఏమో." పట్టీని ఒళ్లో పెట్టి మడతలు సరిచేసింది. "కానీ నువ్వు చెప్పాల్సింది పాపా. వినడం, మానడం నా ఇష్టం. నాకా వీలు లేకుండా చేశావు."

క్షమించమని అడగాలని వెళ్లాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను.

"ఇంకా బతికే ఉందా అది?" అంది ఉన్నట్టుండి.

"ఏది?"

"నా కంట్లోది."

"ఉందక్కా."

"ఎక్కడుంటది?"

"గడ్డకట్టే చలిలో పెడతాం. కావాల్సినప్పుడు బయటికి తీసి కణాల మీద పెంచుతాం."

"అంటే తిండి పెట్టి మరీ సాకుతున్నారు." ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో తేల్చుకోలేకపోయాను. తర్వాత ఆమె అడిగిన దానికి మాత్రం సందేహం లేదు. "మీ నాన్నగారికి తెలుసా ఇదంతా?"

"లేదు."

"ఇంకా అమ్ముతున్నారుగా ఆ చుక్కలు. మొన్న మా ఎదురింటి ముసలమ్మ తెచ్చుకుంది. నాదంటే పోయింది. ఎదురింటి ముసలమ్మది కూడా పోవాలా ఏంటి?"

అన్నేళ్లూ నా తప్పుని నా ఒక్కదానిదిగా, ఎప్పుడో జరిగిపోయిందిగా మోశాను. అది ప్రతిరోజూ మా షాపు బల్ల మీద జరుగుతూనే ఉందని నాకు తట్టనేలేదు. తట్టకపోవడం కాదు, తట్టనివ్వలేదు.

అక్కణ్ణుంచి నేరుగా షాపుకి వెళ్లాను. మా నాన్న కళ్లజోడు ముక్కు మీదికి జార్చి పేపరు చదువుతున్నాడు. బల్ల పక్కన నిలబడి చెప్పాను. ముందు ఆయనకి అర్థం కాలేదు. "ఎరుపు తగ్గేది కదే" అన్నాడు. ఎరుపు తగ్గడం వేరు, పుండు తగ్గడం వేరని చెప్పాను. ఆ మందు ఏ కళ్లకి వేయకూడదో చెప్పాను. అప్పుడు కుట్టుమిషనక్క గురించి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెప్పిన ఆ క్యాంపు... ఎన్నేళ్లైంది?"

చెప్పాను.

"ఇన్నేళ్ల నుంచి నీకు తెలుసు."

"తెలుసు నాన్నా."

"నన్ను కాపాడాననుకున్నావా?"

ఆయన లేచి అల్మారాలోంచి ఆ చుక్కల పెట్టెలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. చేతులు నిదానంగా కదులుతున్నాయి. ఎవరో వచ్చి దగ్గుమందు అడిగితే ఇచ్చాడు కూడా. "డాక్టరు చీటీ లేకుండా ఇక కంటిమందు ఇవ్వను" అన్నాడు, నాతోనో తనతోనో. తర్వాత, "ఎంతమందికి ఇచ్చుంటాను?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన పోయేదాకా ఆయన్ని వదల్లేదు. దారిలో ఎవరైనా ఒక కన్ను నలుపుకుంటూ కనిపిస్తే ఆగి, "నేనిచ్చిన చుక్కలు ఏమన్నా వేశావా?" అని అడిగేవాడట. పిచ్చి పట్టిందనుకున్నారు కొందరు.

మర్నాడు ఉదయం షాపు తెరవలేదు. చొక్కా మార్చుకుని, చెప్పులేసుకుని, ఒక్కడే వీధి చివరికి నడిచాడు. నేను గుమ్మంలోంచి చూశాను. వరండా ముందు నిలబడ్డాడు. అక్క లేచి కుర్చీ వేసింది. కూచోలేదు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, ఆమె చెప్పలేదు, అడిగే అర్హత నాకు లేదు. తిరిగొస్తూ ఆయన గోడ పట్టుకుని కాసేపు ఆగడం మాత్రం చూశాను. ఆ వారమంతా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నిజం చెప్పి ఆయన్ని ముసలివాణ్ణి చేశాను. చెప్పకుండా ఒకరి కన్ను పోగొట్టాను. రెండింటికీ మధ్య ఒక్క రోజు ఉంది, నందిగామ స్కూలు వరండాలో. ఆ రోజు చెప్పుంటే మా నాన్న మహా అయితే ఓ గంటసేపు చిన్నబుచ్చుకునేవాడు.

ఆ చలికాలంలో అక్క హైదరాబాదు వచ్చింది. వాళ్ల బంధువుల పెళ్లికి వచ్చి, నా అడ్రసున్న కార్డు ముక్క పట్టుకుని దారి కనుక్కుంటూ మా ల్యాబుకి వచ్చేసింది. "చూపిస్తావా?" అంది గుమ్మంలోనే. దేని గురించో నాకు వెంటనే అర్థమైంది.

కంటి ఆస్పత్రిలో పనిచేసే నా స్నేహితురాలికి ముందు చూపించాను. ఎవరైనా దానం చేసిన కంటి నల్లగుడ్డు పొర కుట్టించుకోవచ్చని, కానీ నరాల ముడిలో ఆ వైరస్ ఉన్నంతకాలం మళ్లీ వచ్చే ప్రమాదం ఉంటుందని ఆవిడ దాచకుండా చెప్పింది. అక్క విని, "వద్దులెండమ్మా. ఉన్న కన్ను చూసుకుంటా" అంది. మంచి కంట్లో ఎప్పుడైనా నొప్పి మొదలైతే ఏం చేయాలో, ఏం చేయకూడదో నేను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చాను. ఆమె చదివి, రెండుచోట్ల అర్థం కాలేదంది. తిరగరాశాను.

తర్వాత మైక్రోస్కోపు దగ్గర కూచోబెట్టాను. ఆమె ఎడమకన్ను ఆనించి చూసింది. రంగు వేసిన కణాల పొర మీద వైరస్ తిన్నచోటల్లా గుండ్రంగా తెల్లటి ఖాళీలు కనిపిస్తాయి.

"పట్టుచీర మీద నిప్పురవ్వలు పడ్డట్టుంది" అంది. కన్ను తీయకుండానే, "దీనివల్ల ఎవరికన్నా మంచి జరుగుద్దా?" అని అడిగింది.

సభల్లో చెప్పే జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తెలియదక్కా. ఇప్పటిదాకా ఎవరికీ జరగలేదు. ఎలుకల్లో చేస్తున్నాం. సగంసార్లు ఎలుక చచ్చిపోతోంది. మిగతా సగంసార్లు మేం పెట్టిన జన్యువు కొన్నాళ్లు పనిచేసి ఆగిపోతోంది."

ఆమె తలూపింది. ఇంకాసేపు చూసింది. ఏమనుకుందో అడగలేదు. మా దగ్గర తయారైనదేదీ ఏ మనిషికీ మందు కాలేదని ఇప్పుడు చెప్పగలను. వేరే దేశాల్లో వేరేవాళ్లు అదే దారిలో చాలా దూరం వెళ్లారు. మేం వేసింది ఆ దారిలో ఒక రాయి అయ్యుండొచ్చు. అది కూడా గట్టిగా చెప్పలేను.

ఆ రోజు నుంచి మా ల్యాబులో ఒక పద్ధతి పెట్టాను. ఎవరి దగ్గర నమూనా తీసుకున్నా, తెలిసిన విషయం, తెలియని విషయం రెండూ అక్కడికక్కడే వాళ్లకి వాళ్ల భాషలో చెప్పాలి. ఫలితం రాగానే ముందు వాళ్లకి కార్డు వెళ్లాలి, తర్వాతే నోట్సులో రాయాలి. విద్యార్థులు విసుక్కునేవాళ్లు. కారణం ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా రూలు పెట్టడం కూడా ఒక రకం దాచుకోవడమేనని నాకు తెలుసు.

సాయంత్రం నాలుగింటికి ఆమెని గౌలిగూడ బస్టాండుకి తీసుకెళ్లాను. జగ్గయ్యపేట మీదుగా వెళ్లే బెజవాడ బస్సు అప్పుడే వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. అక్క సంచి చంకలో పెట్టుకుని ఫుట్‌బోర్డు మీద కాలు వేయబోయింది. కాలు గాల్లో పడింది. మెట్టు ఆమె అనుకున్నచోట లేదు, ఒక జానెడు పైనుంది. పక్కనున్న కమ్మీ పట్టుకోబోతే చెయ్యి దానికి రెండంగుళాల ఇవతలే మూసుకుంది. ఒక కన్ను పోతే దూరాలు తెలియవని పుస్తకాల్లో వందసార్లు చదివాను, విద్యార్థులకి చెప్పాను. కళ్లతోనే మనిషిని కొలిచిన ఆమె చెయ్యి గాలిని పట్టుకోవడం అప్పుడు చూశాను.

చెయ్యి అందించాను. ఆమె ఒక క్షణం చూసి, పట్టుకుని, ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాను.

"మీ నాన్నగారిని అడిగానని చెప్పు" అంది.